బంతి తెచ్చే ఉద్యోగం

ఆ రోజుల్లో మా ఉద్దానం పల్లెలో ఫుట్‌బాల్ ఆడాలంటే కాళ్లలో బలం ఉంటే చాలదు, బంతి ఎవరిదో కూడా గుర్తుపెట్టుకోవాలి. మా బడికున్న ఒక్క మంచి బంతీ ప్రెసిడెంటుగారు కొనిచ్చింది కాబట్టి అది వాళ్లబ్బాయిదే. (బడికిచ్చిన బంతి అబ్బాయిదెలా అవుతుందని అడిగే తెలివి మాలో కొందరికి లేదు, మిగిలినవాళ్లకి ధైర్యం లేదు.) వాణ్ణి చాటుగా బంతిబాబు అనేవాళ్లం. మా డ్రిల్లు మేష్టారు మాట్లాడేదానికన్నా ఊదేది ఎక్కువ, అందుకని ఆయన విజిల్ మేష్టారు.

ఆయనకో సిద్ధాంతం ఉండేది. “ముందు ఫిట్నెస్సు, తరవాత స్కిల్లు. ఒళ్లొంగకుండా బంతి ముట్టుకుంతే ఏటొత్తాదిరా?” అనేవారు. వినడానికి బాగానే ఉంది. ఆచరణలో ఫిట్‌నెస్సంతా మా వాటాకీ, స్కిల్లంతా బంతిబాబు వాటాకీ వచ్చింది. మేం సముద్రం ఒడ్డున మెత్తటి ఇసకలో కాళ్లు పీక్కుపోయేదాకా పరిగెత్తి, ఒకళ్లనొకళ్లు వీపున మోసుకుని, కప్పగంతులేసి వచ్చేసరికి, వాడు జీడిచెట్ల నీడలో రాళ్లు పేర్చుకుని వాటి మధ్యనుంచి బంతిని వయ్యారంగా తిప్పుతుండేవాడు. గట్టిగా తన్నితే అది తోటలోకి పోయేది. “బేగెల్లి తెండ్రా! అదీ ఫిట్నెస్సే,” అనేవారు మేష్టారు. అందరికన్నా ముందు తెచ్చేది నేనే. ఆ సంగతి ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. జీడిపిక్కలు కొట్టికొట్టి వేళ్లు నల్లబడిన మా అమ్మ తలెత్తకుండానే, “బంతాటకెల్తన్నావా, బంతి తెచ్చీ ఉజ్జోగానికెల్తన్నావా నాయనా?” అంది. ఒళ్లు మండిపోయింది నాకు. నిజం చెప్పినవాళ్ల మీద వచ్చే మంట అది.

పదో తరగతిలో ఉండగా టెక్కలిలో సెలక్షన్లన్నారు. నెగ్గితే క్రీడల హాస్టల్లో సీటు, అక్కడే చదువూ తిండీ బూట్లూ. నెగ్గకపోతే చదువాపేసి పలాసలో జీడి బస్తాలు మొయ్యాలని నాన్న ముందే చెప్పేశాడు. అక్కడి పెద్దాయన పరుగునూ ఆటనూ విడివిడిగా చూడలేదు. బంతిని తన్నుకుంటూ జెండాల మధ్య మెలికలు తిరిగి, ఆగకుండా పరిగెత్తి గోలు కొట్టమన్నాడు. బంతిబాబు మెలికలు అందంగా తిరిగి, పరుగు దగ్గరకొచ్చేసరికి చతికిలబడి సోడా అడిగాడు. ఇక నా వంతు. విజిల్ వినబడగానే అలవాటు కొద్దీ దూసుకుపోయాను. జెండాలన్నీ దాటి, ఎవరూ వెళ్లనంత వేగంగా గోలు దాకా వెళ్లాను. అందరూ పడీపడీ నవ్వుతుంటే మెచ్చుకోలనుకున్నాను. వెనక్కి తిరిగితే బంతి బయల్దేరిన చోటే ఉంది.

“బాగా పరిగెత్తావు బాబూ, బంతిని కూడా తీసుకెళ్తే బాగుండేది,” అన్నాడు పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ. తిరుగు బస్సులో మేష్టారు, “సూసినార్రా? రెండూ కలిపి నేర్సుకోవాల,” అన్నారు, అదేదో మేమే ఆయన దగ్గర దాచినట్టు. ఆయన విజిల్ కిటికీలోంచి విసిరెయ్యాలనిపించింది. విసరలేదు. విసిరితే తెమ్మనేది నన్నే. మరుసటి వారం బస్తా భుజానికెత్తుకున్నాను.

ఇప్పటికీ పగలు బస్తాలే. సాయంత్రం మాత్రం ఊరి పిల్లలకి నేనే మేష్టార్ని. పాత బంతులకి అతుకులేసి ప్రతి గుంటడి కాళ్ల దగ్గరా ఒకటి పెట్టాను. ఇసకలో పరుగైనా సరే, బంతితోనే. మొన్న మా పోటీ ప్రారంభించడానికి బంతిబాబుని పిలవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆయనే ప్రెసిడెంటు. “మేవిద్దరం సిన్నప్పుడు కలిసి ఆడినోళ్లం,” అని మైకులో చెప్పి, చప్పట్ల మధ్య బంతిని ఒక్క తన్ను తన్నాడు. అది ఎప్పటిలాగే జీడితోటలోకి పోయింది.

పిల్లలు ఒక్కరూ కదల్లేదు. వాళ్లకి ఆ అలవాటు నేను చెయ్యలేదు. బంతి చంకన పెట్టుకుని తోటలోంచి బయటికొస్తున్నప్పుడు గానీ, పరిగెత్తింది నేనేనని నాకు తెలియలేదు. బంతిబాబు అలవాటుగా చెయ్యి చాపాడు, నేను అలవాటుగా అందించాను. “మేష్టారూ, మీరు బలే బేగి పరిగెడతారండీ!” అన్నాడు మా గుంటడొకడు. అమ్మ మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఆ ఉద్యోగం ఇంకా ఊడలేదన్నమాట.