పంతొమ్మిదో క్లాజు, యాభైనాలుగు నమోదులు

2022 జూన్ 6, సోమవారం నాడు, కంపెనీల దివాలా కేసులు విచారించే ట్రిబ్యునల్ నన్ను ఆటోనగర్‌లోని ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీకి తాత్కాలిక రిజల్యూషన్ ప్రొఫెషనల్‌గా నియమించింది. దివాలా ప్రక్రియ మొదలవగానే డైరెక్టర్ల అధికారాలు నిలిచిపోయి, కంపెనీ నిర్వహణ ఈ పదవిలో ఉన్నవారి చేతికి వస్తుంది. దాన్ని మూసివేయడం కాదు, నడుస్తున్న స్థితిలో నిలపడం మా విధి. అక్కడ నడుస్తున్నది ఒక్కటే: పోర్టులో బొగ్గు దింపే ఒక ప్రైవేటు సంస్థకు కన్వేయర్ బెల్టుల మరమ్మతు. షిఫ్టుకు పన్నెండు మంది, మూడు షిఫ్టులకు ముప్ఫై ఆరుగురు. ఆ ఒప్పందం పోతే షెడ్డు, పాత లేతు మిషన్లు తప్ప మరేమీ మిగలవు. ఆ ముప్ఫై ఆరుగురికీ పని ఉండదు.

మర్నాడు పదకొండింటికి వెళ్లేసరికి ఉదయం షిఫ్టు వాళ్లు షెడ్డులోనే కూర్చుని ఉన్నారు. ఫోర్‌మన్ సన్యాసినాయుడు వాళ్లను పోర్టుకు పంపలేదు. బ్యాంకు సీలు వేసిన షెడ్డులో ఆటోనగర్ కార్మికులు స్పానరు కూడా ముట్టరు. దొంగతనం అంటగడతారని భయం. ఇదీ అలాంటిదేనని ఆయన అనుకున్నాడు.

“కంపెనీ మునిగిపోనాది గదా బాబూ, ఇప్పుడు పనిముట్లు ముట్టుకుంటే మా మీదకి రాదేటి?” అన్నాడు.

రాదని చెప్పి, మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే షిఫ్టుకు మనుషులను పంపించాను. ఒక షిఫ్టు మాత్రం పోయింది.

8వ తేదీ సాయంత్రం, పోర్టులో బొగ్గు దింపే ఆ సంస్థ నుంచి లేఖ వచ్చింది. దివాలా ప్రక్రియ మొదలైతే ఒప్పందం దానంతటదే రద్దవుతుందని పంతొమ్మిదో క్లాజు చెబుతున్నది కాబట్టి, మర్నాడు ఉదయం ఆరు నుంచి గేటు పాసులు చెల్లవన్నారు. వేరే కారణమేదీ చూపలేదు. సుప్రీంకోర్టు 2021లో ఈ విషయంలో హద్దు గీసింది. దివాలా ఒక్కటే కారణమై, ఆ ఒప్పందం లేకపోతే కంపెనీయే కూలిపోయే పక్షంలో ట్రిబ్యునల్ రద్దును ఆపవచ్చు. కారణం పనిలో లోపమైతే ఆపడానికి వీల్లేదు. అందుచేత మా వైపు కొత్త లోపం ఒక్కటి కూడా ఏర్పడకూడదు. ప్రతి షిఫ్టుకూ మనుషులు గేటు దాకా వెళ్లాలనీ, లోనికి రానివ్వని కారణం అక్కడి రిజిస్టరులో రాయించి ఫొటో తీసుకోవాలనీ నాయుడికి చెప్పాను. మొదటి ఉదయం నేనూ వెళ్లాను.

“రానివ్వరని తెలిసీ పెళ్లోరి మందలా దిగిపోనారేటి బావా?” అన్నాడు గేటు గార్డు.

“నీ సేతిరాత సూద్దారని వొచ్చాం. రాయి,” అన్నాడు నాయుడు.

“కారణం ఏటని రాయాల?”

“మీ ఆఫీసోళ్లు నీకేటి సెప్పినారో అదే రాయి బావా.”

‘కంపెనీ దివాలా. అనుమతి లేదు’ అని గార్డు రాసి సంతకం చేశాడు. 9 నుంచి 26 వరకు పద్దెనిమిది రోజులు, యాభైనాలుగు షిఫ్టులు, యాభైనాలుగు నమోదులు.

రద్దును ఆపమని ట్రిబ్యునల్‌కు పెట్టిన దరఖాస్తు తాలూకు అఫిడవిట్‌లో, 7వ తేదీ ఉదయం తప్పిన షిఫ్టు సంగతి వద్దని మా న్యాయవాది సలహా ఇచ్చారు. నేను అంగీకరించలేదు, దాన్ని ఆరో పేరాలో రాయించాను. 27వ తేదీ విచారణలో అవతలి న్యాయవాది మొదట ఎత్తిచూపినది ఆ గైర్హాజరునే. గైర్హాజరు కారణంగా రద్దు చేయాలంటే పదిహేడో క్లాజు ప్రకారం ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి; వారు ఇవ్వలేదు. లేఖలోనూ, రిజిస్టరులోనూ ఉన్న కారణం దివాలా ఒక్కటే. ట్రిబ్యునల్ రద్దును నిలిపివేసింది. 28వ తేదీ ఉదయం ఆరింటికి పన్నెండు మంది లోపలికి వెళ్లారు.

దివాలా తీసిందన్న కారణంతో ఒప్పందం తెగకుండా చట్టం అడ్డుపడుతుంది. పనికి రాలేదన్న కారణానికి అడ్డుపడదు. ఆ తరువాత చేపట్టిన ప్రతి కంపెనీలోనూ, ఉత్తర్వు అందగానే ఫోర్‌మన్‌ను పిలిచి తర్వాతి షిఫ్టు ఎన్ని గంటలకని అడిగేవాణ్ణి. ఒప్పందాలు ఆ పిమ్మటే చదివేవాణ్ణి.