మా ఇంటిపేరు, పోలండు దేశం

ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవడో ఒకడు "అగో, పోలండు తాత వచ్చిండు" అంటాడు. అన్నవాడికి పోలండు ఎక్కడుందో తెలియదు. పటం పరిచి చూపించమంటే ఆస్ట్రేలియా మీద వేలు పెడతాడు. అయినా నవ్వుతాడు, పక్కవాడూ నవ్వుతాడు. ఇన్నేళ్ళు ఓర్చుకున్నాను. మొన్న మా మనుమరాలు మా వంశం సంగతి కంప్యూటర్లో వెతుకుతూ "తాతా, మనది నిజంగనే పోలిష్ పేరా?" అని అడిగేసరికి ఒళ్ళు మండింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఇంటిపేరు మొత్తం ఇక్కడ చెప్పను. 'పోలి'తో మొదలవుతుందంటే చాలు. కొత్తవాడలో మాకు నూలు దుకాణం ఉండేది. జంపఖానాలు నేసేవాళ్ళు మా దగ్గరే నూలు కొనేవారు. నేను బడికి పోయింది తక్కువ. అక్కడ చెప్పేది ఉర్దూ, నాకు కావలసింది తెలుగు. నూలు కట్టలకు చుట్టి వచ్చే పాత పత్రికలు విప్పి, ముడతలు సాపు చేసుకుని, కూడబలుక్కుంటూ చదవడం నేర్చాను. నేర్చాక ఊరుకోలేకపోయాను. దుకాణంలో ఎవరున్నా సరే, నేను చదువుతుంటే వినాల్సిందే.

అవి పెద్ద యుద్ధం రోజులు. ఒకనాడు ఒక కాగితంలో పోలండు దేశపు ఆడవాళ్ళు, పిల్లలు ఇల్లూవాకిలీ పోగొట్టుకుని మన దేశం దాకా వచ్చి తలదాచుకుంటున్నారని ఉంది. వాళ్ళను పోలిష్ వాళ్ళంటారట. గొంతు పెంచి చదివాను. నూలు తూకం వేయించుకుంటున్న ఒక నేత కాకా తలెత్తాడు.

"పోలిషోళ్ళా? గట్లయితే మీ సుట్టాలే గద, చిన్న సావుకారీ!"

"మాకేం సుట్టాలు కాకా?"

"ఇంటిపేరు పోలి. కండ్లు పిల్లికండ్లు. ఇంకేం గావాలె? మీ తాతలు గాడికెల్లే వచ్చిండ్రు. మాతోని చెప్పలేదు, గంతే."

నావి పిల్లికళ్ళే. అందులో నా తప్పేమీ లేదు. దుకాణమంతా నవ్వింది. మా నాయన తక్కెడ దించి మరీ నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు జంపఖానాల మూటలతో పాటు ఊరూరూ తిరిగి వర్ధన్నపేట చేరింది. నాకు సంబంధం అనుకున్నది అక్కడే. పెళ్ళిచూపుల రోజు అమ్మాయి ముఖం సూటిగా చూడటానికి సిగ్గేసి, వాళ్ళ మిద్దె మీద పావురాల గూడు ఉంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆమె లోపలికి పోతూ గడప దగ్గర ఆగి, పక్కనున్న చెల్లెలితో అన్నట్టు "పావురాలు మస్తు నచ్చినయట గద" అని నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. చేసుకుంటే ఆమెనే చేసుకోవాలి.

ముహూర్తం పెట్టుకుందామనుకునే వేళకు మధ్యవర్తి వచ్చి కబురు చెప్పాడు. అమ్మాయి తాత అడ్డం తిరిగాడట.

"వాళ్ళు ఏ దేశపోళ్ళో ఏమో అంటాండు. ముందుగాల మీ పుట్టుపూర్వం తేలాలెనట. తర్వాతనే ముహూర్తమట."

"గోత్రం చెప్పినం గద!" అని నాయన లేచాడు.

"గోత్రం ఎవలైనా చెప్తరు అంటాండు ముసలాయన."

అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. పిల్లవాణ్ణి చూడరా, వాడి గుణం చూడరా? పైగా ఆ పోలండువాళ్ళు చేసిన పాపం ఏమిటి? ఇళ్ళు కూలి వచ్చినవాళ్ళతో పోలికంటే అంత చిన్నతనమా?

కోపంతో పెళ్ళి కాదు కదా. మా నాయనకు తన తాత పేరు దాకా తెలుసు, ఆపైన తెలియదు. ఇక మిగిలింది మరిపెడలో మా పెద్దమ్మ. చనిపోయిన మా పెదనాయన భార్య. అక్కడి పాత దుకాణం ఆమే చూసుకునేది. నాయనా నేనూ బయలుదేరాం. పెట్రోలు దొరకని రోజులు, బస్సు బొగ్గు పొయ్యితో నడిచేది. అది దగ్గుకుంటూ వర్ధన్నపేటలో ఆగినప్పుడు తల బయటపెట్టి చూశాను. పావురాలు కూడా కనిపించలేదు.

పెద్దమ్మ ఇంటిపేరు గొడవ విని ముక్కు మీద వేలేసుకుంది.

"పెద్దల పేరా? కాయితాలుంటే ఎప్పుడో చెదలు తిన్నయ్. ఇత్తడిని తింటయా? మా అత్త నాకిచ్చిన గంగాళం మీద చెక్కి ఉన్నది."

"ఏమని ఉన్నది పెద్దమ్మా?"

"నాకు సదువొస్తె మీ నాయిన కంటె ముందు నేనే కొత్తవాడ గల్లా మీద కూసుందు గదరా!"

"గంగాళం చూపియ్యి."

"యాడిది? ఎన్నడో పెండ్లికి గావాలంటె వర్ధన్నపేటోళ్ళకు ఇస్తి. అడిగినప్పుడల్లా రేపు, మాపు అంటాండ్రు. మిద్దె మీద పావురాలు సాదుకునే ఇల్లు లేదూ, వాళ్ళు."

నేనూ నాయనా ముఖాలు చూసుకున్నాం. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. మా సంబంధం ఆ ఇంటితోనే అని మేము చెప్పేలోపు పెద్దమ్మ చీర మార్చుకుని తయారైంది.

అమ్మాయి తాత అరుగు మీదే ఉన్నాడు. మేము పుట్టుపూర్వం తెచ్చామని సర్దుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ కూర్చోలేదు.

"అన్నా, మా గంగాళం యాడ పెట్టిండ్రు?"

ముసలాయన గబగబా లేచాడు. పెద్దమ్మ నేరుగా పెరట్లోకి నడిచింది. స్నానాల బండ పక్కన అడుగంతా పచ్చగా చిలుము పట్టి కూర్చుని ఉంది గంగాళం.

"దినాం దీంట్ల నీళ్ళు ముంచుకొని తానం జేసుకుంట, మమ్ముల యాడోళ్ళని అడుగుతాన్నవా?"

నీళ్ళు పారబోసి బోర్లించారు. అమ్మాయి ఎవరూ చెప్పకుండానే చింతపండు తెచ్చి తోమింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా పాత అక్షరాలు తేలాయి. చదువు విషయంలో నాకు కాస్త గర్వం. ముందుకు వంగాను. సొట్టలేవో చుక్కలేవో తెలియక 'బ' దగ్గరే ఆగిపోయాను.

నా వెనక నుంచి, వంగకుండానే, ఆమె చదివేసింది. "బందరు పోలమ్మ కోడలికిచ్చినది."

"ఎట్ల చదివినవు బిడ్డా?" అని పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"సదువుడేంది? నేను అక్షరాలు దిద్దిందే దీని మీద. పలక పగిలితె తాత మళ్ళ కొనియ్యలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదే?" అని తాత గద్దించాడు.

"గంగాళం మనదే అనుకున్న తాతా. మీరు తిరిగియ్యలేదు గద!"

పెద్దమ్మ ఆ తడి బండ మీదే చతికిలబడి, నవ్వుతూనే చెప్పింది. ఉప్పు మోసే ఎడ్ల వెంట బందరు నుంచి మా వంశంలో ఒకామె భర్తతో వచ్చి, భర్త పోతే మరిపెడలోనే దుకాణం పెట్టుకుని పిల్లలను పెంచిందని వాళ్ళ అత్త అనేదట. పేరు మాత్రం పెద్దమ్మకు గుర్తులేదు. ఇప్పుడు ఆ పేరు ఇత్తడి మీద మెరుస్తోంది. పిలుపులో పోలమ్మ 'పోలి' అయింది, అదే మా ఇంటిపేరులో మిగిలింది.

"ఆడమనిషి పేరు ఇంటిపేరైతదా?" అని ముసలాయన ఇంకా గింజుకున్నాడు.

"దుకాణం ఆమె నడిపితె పేరు ఎవలిదుంటది? మీ తాతదా?"

అంతటితో ఆయన చల్లబడ్డాడు. పెద్దమ్మ వదల్లేదు. గంగాళం ఇప్పుడే బస్సు మీదికి ఎక్కించమంది. ముసలాయన గంగాళం వంక, మనుమరాలి వంక, చివరికి నా పిల్లికళ్ళ వంక చూశాడు. గడసరి మనిషి.

"దాని మీద ఏమున్నదమ్మా? కోడలికి అని గద. ఇప్పుడు ఉత్త గంగాళం ఎట్ల పంపుత? కోడలితోనే పంపుత."

"పంపేటప్పుడు మంచిగ తోమి పంపుండ్రి" అంది పెద్దమ్మ.

అమ్మాయి చింతపండు చేతులతోనే లోపలికి పరుగెత్తింది. మిద్దె మీద పావురాలు ఒక్కసారిగా లేచాయి. ఈసారి నేను వాటిని చూడలేదు.

పెళ్ళిలో ఆ గంగాళం పందిట్లో అందరికీ కనపడేటట్టు పెట్టించాను, అక్షరాలు బయటి వైపుకు. నేత కాకాను చెయ్యి పట్టి తీసుకెళ్ళి, మేము పోలమ్మ వంశం వాళ్ళమని, పోలండుతో మాకే సంబంధమూ లేదని వేలు పెట్టి చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు.

"బందరంటే ఓడల రేవు గద, చిన్న సావుకారీ. మరి ఆమె ఎక్కొచ్చిన ఓడ యాడికెల్లి వచ్చిందో అడిగినవా?"

నోరు తెరిచి ఆయనకు గట్టిగా జవాబు చెప్పబోయాను. పక్కన తలంబ్రాల బియ్యం ఇంకా జుట్టులో ఉన్న నా భార్య నవ్వింది, ఆ గడప దగ్గరి నవ్వే. చెప్పబోయింది మరిచిపోయాను.