నడుం సూదా, మూతి మందా

కరీంనగర్‌లో ఒక ఆస్పత్రి. పోశవ్వను అక్కడ ఆయాగా పెట్టుకున్నది వార్డు ఊడవడానికే అయినా, చేయించుకున్నది మాత్రం జనాన్ని నమ్మించే పని. ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో హైదరాబాద్ నుంచి ఒక మత్తు డాక్టరు దిగాడు. కోతకు ముందు నడుములో సూది వేసి కింది సగం మొద్దుబార్చడం మేలా, మూతిమీద గుడ్డ వేసి ఈథర్ పీల్పించి నిద్రపుచ్చడం మేలా, తేల్చి చెప్పాలని ఆయన పట్టుదల. అందుకే లోపలికి వచ్చిన వరసలో ఒకరికి నడుం సూది, తరువాతివారికి మూతి మందు. నీకేది కావాలని రోగిని అడగడం ఆయన పద్ధతిలో లేదు.

జనానికి నడుం సూది అంటే హడల్. అది పడ్డవాడు మళ్లీ నాగలి పట్టలేడని పుకారు. పోశవ్వ మంచం మంచానికీ తిరిగి, "ఏం గాదు బిడ్డా, నేను లేనా? గా సూది ఏసుకున్నోళ్లు బస్సెక్కి ఊళ్లకు పోతలేరా?" అని ధైర్యం చెప్పేది. నిజానికి ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేదు.

తన దాకా వస్తేగాని తెలియదంటారు. వచ్చింది. మంథని పక్క పల్లె నుంచి తమ్ముడు కైలాసం గజ్జలో పేగు జారి ఆస్పత్రిలో చేరాడు. వెంట తల్లి ఐలవ్వ. ఇంట్లో నాగలి పట్టేవాడు అతనొక్కడే. కోత రోజు పొద్దున వరస చూస్తే అతనికి నడుం సూదే పడేలా ఉంది. తమ్ముడి నడుము ముందు ఊళ్లోవాళ్ల నడుములు ఏపాటి? పోశవ్వ వరసలో కైలాసం వెనకున్న ముసలి అంతయ్య దగ్గరికి పోయి, "తాతా, జర నువ్వు ముంగట పోరాదే" అని బతిమాలి, ఆయన పడుకున్న చక్రాల బండిని తనే లోపలికి తోసింది.

ఆమె అటు పోగానే ఇటు ఐలవ్వ మూట విప్పింది. పరగడుపున మనిషిని ఏ పనికీ పంపకూడదని ఆ ఇంటి పట్టింపు. కోతకు ముందు ఏమీ తినొద్దని వార్డంతా గొంతు చించుకునే పోశవ్వ, కన్నతల్లికి మాత్రం చెప్పలేదు. అవ్వకు తెలియదా అనుకుంది.

"తిను బిడ్డా, మల్ల ఎప్పుడు పెడ్తరో ఏమో" అంటూ ఐలవ్వ చల్ల పోసిన జొన్న గట్క కొడుక్కి కడుపునిండా తినిపించింది.

ఈథర్ పీల్చిన కైలాసం నిద్రలోనే కక్కుకున్నాడు. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోయింది. డాక్టరు కిందామీదా పడ్డా దక్కించుకోలేకపోయాడు. నేల తుడవడానికి పోశవ్వనే పిలిచారు. గట్కను చూడగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది. మెలకువలో ఉన్నవాడైతే పక్కకు తిరిగి కక్కేవాడని అక్కడి నర్సు అంది. అంటే నడుం సూది పడి ఉంటే బతికేవాడేనేమో. అంతయ్య మాత్రం తన కాళ్ల మీద తాను నడిచి ఊరికి పోయాడు.

డాక్టరు పోశవ్వను పిలిచి, "తిని వచ్చినవాడు మా నియమం తప్పినట్టే. మీ తమ్ముడి కేసు పోలికలోకి రాదు, తీసేస్తున్నాను" అన్నాడు. కొన్నాళ్లకు హైదరాబాద్‌లో ఏదో సభలో, రెండు పద్ధతులూ క్షేమమేనని, దేనిలోనూ ఒక్క ప్రాణం పోలేదని చదివి చప్పట్లు కొట్టించుకున్నాడట. పోయిన మనిషిని పోలేదనిపించడం ఎంత సులువు! కడుపు మండదా ఎవరికైనా?

కైలాసం దినాలైన రోజు ఐలవ్వ కూతురి పక్కన కూలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"పోతె పోయిండు గని, నా కొడుకు ఆకలితోని పోలే బిడ్డా. నా చేతులతోని కడుపునిండ తినిపిచ్చిన. గదొక్కటే నా పానానికి నిమ్మలం" అంది.

పోశవ్వ నోటిదాకా వచ్చిన మాటను మింగింది. "మంచిగ చేసినవవ్వా" అంది.