పొయ్యి పక్కన స్పీకర్ స్విచ్చు

దిల్‌సుఖ్‌నగర్‌లో పాత ఆంప్లిఫయర్లు బాగుచేసే కోదండానికి పాటల కన్నా మొగుడూపెళ్లాల పంచాయితీలంటేనే ఇష్టం. అందుకే ఆలుమగల స్పీకర్ల తగాదా తీర్చమని ఎల్‌బీ నగర్ శ్రీరామమూర్తిగారింటి నుంచి పిలుపు రాగానే సంబరంగా వెళ్లాడు.

అక్కడ స్పీకర్లు ఒక్క జత, ఆంప్లిఫయర్లు రెండు. పాతది శ్రీరామమూర్తిగారు మొదటి జీతంతో కొన్నది. దాంట్లో నాటక పద్యాలు వింటారు. కొత్తది టీవీకి కలిపినది. దాంట్లో ఆయన భార్య ఇందిరాదేవి సీరియళ్లు వింటారు. రెండిటి వైర్లనూ కలిపి మెలిపెట్టబోతున్న ఆయన చేతిని కోదండం గబుక్కున పట్టుకున్నాడు.

"ఆగుండ్రి సార్! గట్ల కలిపితే మీ పాతది కాలిపోతది. నడుమ స్విచ్చు డబ్బా పెడ్తా. ఇటు తిప్పితే మీది, అటు తిప్పితే మేడంది."

"నా పాతది బతికితే చాలయ్యా! డబ్బా ఎక్కడ పెడతావో నీ ఇష్టం," అంటూ ఆయన కూరగాయలకు బయల్దేరారు.

ఆ మాటే ఆయన కొంప ముంచింది. ఆయన అటు వెళ్లగానే ఇందిరాదేవి పెసరట్టు, అల్లం పచ్చడి తెచ్చి పెట్టారు.

"ఇంకోటి వెయ్యమంటావా, నాయనా?"

రెండోది తింటూ, ఎవరి ఉప్పు తింటే వాళ్ల పాటే పాడాలని కోదండం తీర్మానించుకున్నాడు. గోడకు చిల్లు పెట్టి, వైర్లు లాగి, డబ్బాను వంటింట్లో పొయ్యి పక్కన బిగించాడు.

నెల తర్వాత శ్రీరామమూర్తిగారు ఫోన్ చేశారు.

"ఎంత పని చేశావయ్యా! స్విచ్చు తిప్పుకుందామని వెళ్తే, ముందు బెండకాయలు తరగమంటోంది."

"ఆంప్లిఫయర్ మంచిగున్నదా సార్?"

"దానికేం, బ్రహ్మాండంగా ఉంది. నాకే చిక్కుడుకాయల ఈనెలు తీయడం వచ్చేసింది."