నిప్పుకుండ మోసిన రోజు

నా మనసు ఒక్కటే ఉందని చెప్పగలను, మిగతాదేదీ ఉందని రుజువు చేయలేను అనే వాదం కాలేజీలో చదివాను. అప్పుడు నవ్వొచ్చింది. అక్క పోయాక రాలేదు.

భర్త పోయినప్పటి నుంచి అక్క పోదనూరులో నా దగ్గరే ఉండేది. మా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, చదవరు. ఇద్దరం తమిళ బడికే వెళ్లాం. నేను నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అక్క పోయిన వారానికి ఆమె మాటలు తెలుగులో రాయడం మొదలుపెట్టాను. రాసింది చదువుకుంటే అందులో మాట్లాడుతున్నది నేనే. కోపం నాది, ఓదార్పూ నాదే. అక్క అంటే ఇక నా తలలో ఉన్నంత మాత్రమేనా అని భయం వేసింది.

ఒక్క సంగతిని మాత్రం గట్టిగా పట్టుకున్నాను. రైల్వే క్వార్టర్సులో నాన్న పోయినప్పుడు నాకు ఏడేళ్లు. ఒక్కడే కొడుకుని కాబట్టి శవం ముందు నిప్పుకుండ పట్టుకుని నడిచాను. వేళ్లు కాలాయి. వీధి చివరి దాకా వెనకే వచ్చి అక్క అంది: "నేనుండాను, నడువురా."

పదహారో రోజు కర్మ అయ్యాక, సూలూరు బయలుదేరబోతున్న అక్క కూతురిని కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించాను. తనకు తెలుగు అక్షరం రాదు. నిప్పుకుండ దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు యాడ మోస్తివి మామా? చిన్న తాత గదా మోసింది!"

"ఎవరు చెప్పినారు?"

"అమ్మే. నువ్వు బొగ్గుల గదిలో దాక్కుంటివంట. ఎంత పిలిచినా రాలేదంట. మరుసటి దినం నువ్వు ఒకటే ఏడుస్తా ఉంటే, 'నువ్వే మోస్తివిరా, వేళ్లు కూడా కాలె గదా' అని అమ్మ చెప్పిందంట. నువ్వు నమ్మేదాకా దినమూ చెప్పిందంట."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు తాళవని." కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "మా అమ్మ అబద్ధం ఆడదని మొదటి కాగితంలోనే రాస్తివే. బాగుండాది పో!"

తను వెళ్లాక బొగ్గుల గదిని గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఇప్పటికీ చూస్తున్నాను. రాదు. నడకే వస్తుంది, నా వెనక ఆ గొంతు వస్తుంది. ఆ పేజీ కొట్టివేయలేదు. ఆ నడక అక్క అల్లినది; రాసినదంతటిలో నేను కల్పించకుండా అక్క మాట్లాడింది అక్కడ ఒక్కచోటే.