బోణీ బిల్డు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కానీ మూడు నెలలపాటు ఒక్క తప్పూ దొరకని టెస్టర్‌కు కోపం కాక ఇంకేం వస్తుంది?

రెండువేల ఐదారు ప్రాంతంలో కర్నూలులో ఒక చెప్పుల దుకాణం పైన, మూడు కంప్యూటర్లూ ఒక యూపీఎస్సూ ఉన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేశాను. మనుషులమూ ముగ్గురమే. ఓనరు సారు, ప్రోగ్రాం రాసే సీనియర్, దాన్ని పరీక్షించే నేను. మూడు నెలలు చూసి, పనికొస్తాననిపిస్తే పర్మనెంట్ లెటర్ ఇస్తామన్నారు. లేదంటే పత్తికొండ బస్సెక్కి ఇంటికి పోయి, మా నాయన ముందే తెచ్చిపెట్టిన బీఎడ్ అప్లికేషన్ నింపాలి. టీచరు పని చెడ్డదని కాదు. నలభై మంది పిల్లల మధ్య నా కోపం ఏమవుతుందో నాకు తెలుసు.

"ఇన్నాళ్ళకీ ఒక్క తప్పు పట్టలేదంటే ఇంక నువ్వెందుకమ్మా?" అనేవాడు సారు, నవ్వుతూనే.

"తప్పుంటే కదా సార్ పట్టేది" అనేవాడు సీనియర్, మీసం సవరించుకుంటూ. ఆ మీసం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మేం అమ్మేది ఒకటే ప్రోగ్రాం. బట్టల షాపుకైతే బిల్లు కొడుతుంది, బనగానపల్లె మామిడి మండీకైతే చీటీ, చర్చికైతే పెళ్ళి సర్టిఫికెట్. పేరు, ఊరు, ఫోన్ నంబరు, కాగితం అడుగున రావాల్సిన మాట మాత్రం ఎవరివి వాళ్ళవి. ఆ మార్పులు చేసి ఎవరి సీడీ వాళ్ళకు తయారుచేసే బిల్డ్ టూల్ ఒకటి సీనియర్ రాశాడు. అది ఒక్కో కస్టమర్ వివరాలను కాసేపు కొన్ని వేరియబుల్స్‌లో పెట్టుకుంటుంది. అవి వంటింట్లో గిన్నెల లాంటివి. ఒక కూర అయ్యాక కడిగితేనే రెండో కూరకు పనికొస్తాయి. ఒకరి కోసం పెట్టుకున్నది వాళ్ళ పని అయిపోగానే పోవాలి, పక్కవాళ్ళ హద్దులోకి రాకూడదు. అది సరిగ్గా జరుగుతోందో లేదో చూడడమే నా ఉద్యోగం.

చూశాను కూడా. టూల్ తెరవడం, ఒక కస్టమర్‌ది తయారుచేయడం, కాగితం తీసి అక్షరం అక్షరం చదవడం, టూల్ మూసేయడం. మళ్ళీ తెరిచి ఇంకొకరిది. అలా చేయమని సీనియరే చెప్పాడు. ఏ ఒక్కదాంట్లోనూ వంక పెట్టడానికి లేదు.

అసలు సీడీలు కొట్టే రోజు మాత్రం నన్ను దగ్గరికి రానిచ్చేవారు కాదు. అది సారు పని. శుక్రవారం పొద్దున మానిటర్‌కు బొట్టు పెట్టి, అగరువత్తి తిప్పి, మొదట బట్టల షాపుది తయారుచేసేవాడు. ఆ షాపుకు ఆ వారం సీడీ కావాలా వద్దా అన్నదానితో పనిలేదు. ఆఫీసు తెరిచిన రోజు బోణీ చేసింది ఆ షాపు ఓనరే.

"ఆయప్ప చెయ్యి శానా మంచిదమ్మా. ఆయప్పది ముందు పడితేనే మిగతావి సక్కగా నడుస్తాయి" అనేవాడు. ఆ తర్వాత టూల్ మూయకుండానే చర్చిది, దాని వెనకే వరసగా అందరివీ కానిచ్చేవాడు.

మూడో నెల చివర్లో చర్చి పాస్టరు అయ్యగారు మెట్లెక్కి వచ్చారు. మనిషి శాంతంగానే ఉన్నారు గానీ, చంకలోని ఫైలు బల్లమీద పెట్టిన తీరు శాంతంగా లేదు.

"చదువమ్మా" అన్నారు నాతో.

పెళ్ళి సర్టిఫికెట్. వరుడు, వధువు, సాక్షుల సంతకాలు, అన్నీ సరిగ్గానే కనిపించాయి. అడుగున చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. రంగుకు గ్యారంటీ లేదు."

"నాలుగు జంటలకు ఇచ్చినానమ్మా. ముగ్గురు చూసుకోలేదు. నాలుగో పెండ్లికొడుకు విందులో కూర్చోని గట్టిగా చదివినాడు. పెండ్లికూతురు వాళ్ళవ్వేమో, ఈ మాట బాగుండాది, కొట్టేయొద్దండి అంటాంది" అన్నారు అయ్యగారు.

సారు ముఖం వాడిపోయింది. "నువ్వు చూసినావా దీన్ని?" అన్నాడు నాతో.

"చూసినా సార్. నేను చూసినప్పుడు అడుగున ఏం లేదు."

"సరిగ్గా చూసుండదు సార్" అన్నాడు సీనియర్.

సోమవారానికి సరైనవి కావాలని చెప్పి అయ్యగారు వెళ్ళిపోయారు. సోమవారంతోనే నా మూడు నెలలూ పూర్తవుతాయి. ఏడుపు వచ్చేదే గానీ, కోపం దానికంటే ముందొచ్చింది.

చర్చిది మళ్ళీ తయారుచేశాను. అడుగున ఖాళీ. ఇంకోసారి చేశాను. ఖాళీ. సీనియర్ ఈల వేస్తున్నాడు. ఆ మాట ఎవరిదో తెలుస్తూనే ఉంది, బట్టల షాపుది. సారు ముందు చేసేదీ వాళ్ళదే. చర్చి వాళ్ళు అడుగున ఏ మాటా ఇవ్వలేదు. ఇవ్వని చోట టూల్ కొత్తగా ఏమీ పెట్టదు, అంతకుముందు ఉన్నదే ఉండిపోతుంది. సారు మధ్యలో టూల్ మూయడు; నేను ప్రతిసారీ మూసేస్తున్నాను కాబట్టి నాకు అన్నీ కడిగిన గిన్నెలే దొరికాయి.

"సార్, ఈసారి చర్చిది ముందు చేసి చూద్దాం" అన్నాను.

"బోణీ లేకుండానా? అయ్యే పని కాదులేమ్మా."

ఎంత చెప్పినా వినలేదు. సరే, బోణీ అట్లాగే ఉండనీ అని, లోకంలో లేని కస్టమర్‌నొకణ్ణి పుట్టించి బట్టల షాపుకూ చర్చికీ మధ్య కూర్చోబెట్టాను. పేరు, ఊరు, ఫోను, అడుగు మాట, అన్ని చోట్లా ఒకటే రాశాను: "ఇది ఈడ ఉండకూడదు."

సారు తెరలోకి తొంగి చూశాడు. "ఎవరమ్మా ఈయప్ప? చెయ్యి మంచిదేనా?"

"చూద్దాం సార్."

అగరువత్తి వెలిగింది. బట్టల షాపు, ఆ లేని మనిషి, చర్చి వరసగా అయ్యాయి. ప్రింటర్ కీచుమంటూ పెళ్ళి సర్టిఫికెట్ కక్కింది. అడుగున "ఇది ఈడ ఉండకూడదు" అని ఉంది. ఫోన్ నంబరు చోట కూడా అదే ఉంది. చర్చికి ఫోను లేదు. అంటే ఇన్నాళ్ళూ పెళ్ళి సర్టిఫికెట్ల మీద బట్టల షాపు ఫోన్ నంబరు పడుతూ వచ్చింది. అయ్యగారూ చూడలేదు, అక్షరం అక్షరం చదివే నేనూ చూడలేదు. ఆ రెండోది మాత్రం నేను పైకి అనలేదు.

సీనియర్ ఈల ఆగిపోయింది. సాయంత్రంలోగా ఎవరి వివరాలు వాళ్ళ హద్దులోనే ఉండేలా టూల్ సరిచేశాడు. "బాగా పట్టినావు" అని గోడతో చెప్పినట్టు చెప్పాడు. దానికే నేను పొంగిపోయాను.

సోమవారం అయ్యగారు మూడు సర్టిఫికెట్లు మార్చి తీసుకెళ్ళారు. నాలుగోది అవ్వ ఇవ్వనందట. సాయంత్రం సారు నాకు ఒక కవరిచ్చాడు. పర్మనెంట్ లెటర్. అక్షరం అక్షరం మొత్తం చదివి అడుగుకొచ్చాను. మళ్ళీ చిన్న అక్షరాలు.

"సార్, ఇంకా పోలేదు, అడుగున మాట..." అని లేచాను.

"టూల్ ఏసింది కాదులే, నేనే కొట్టించినా. చదువు" అన్నాడు.

"ఒకసారి తీసుకున్న మనిషి వాపసు పంపబడదు. కోపానికి గ్యారంటీ లేదు."

"ఏమ్మా, తప్పేమన్నా దొరికిందా?"

"లేదు సార్" అన్నాను. మూడు నెలల్లో ఆ మాట సంతోషంగా అన్నది అదొక్కసారే.