ఏప్రిల్‌లో హీటరు

ఎండాకాలంలో గదికి హీటరు పెట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. కువైట్‌లో, ఏప్రిల్ నెలలో, ఏసీని పద్దెనిమిది మీద పెట్టి, దానికెదురుగా గ్యాస్ హీటరు మూడు పలకలూ ఎర్రగా వెలిగించి, మధ్యలో కూర్చుని చెమటలు కక్కిన ఘనత నాది. పైగా అదంతా జాగ్రత్త కోసమే చేశాను.

అప్పటికి మా పాపకు పదకొండు నెలలు. సబా అల్ సలేంలోని మా ఫ్లాటంతా పాకుతూ, నేలమీద దొరికిన ప్రతిదాన్నీ నోటితో పరీక్షించేది. చలి పోయింది కాబట్టి హీటరును మూలన పెట్టే పని మొదలుపెట్టాను. దుమ్ము దులిపాను, పాత దుప్పటి కప్పాను. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ చదువుకున్నదాన్ని కదా, హీటరుతో వచ్చిన చిన్న పుస్తకం తీసి చదివాను.

హీటరు వెనక పెట్టెలో ఉండే గ్యాస్ సిలిండర్‌ను వేడి తగలని, గాలి ఆడే చోట ఉంచాలట. మా ఇంట్లో గాలి ఆడేది బాల్కనీలో. అక్కడ ఎండకు నూనె లేకుండానే అప్పడాలు వేగుతాయి. వేడి తగలనిది పడకగది. అక్కడ పాప ఉంటుంది. ఆ క్షణం నుంచి సిలిండరు నా కంటికి బొజ్జనిండా నిప్పు మింగి పడుకున్న కొండచిలువలా కనిపించసాగింది.

"ఏవండీ, ఇందులో ఇంకా గ్యాస్ ఉంది."

"గ్యాస్ సిలిండర్ కదా సుధా, గ్యాసే ఉంటుంది," అన్నారు మా ఆయన. గ్యాస్ పైపుల నమూనాలు గీసే ఇంజనీరు ఆయన.

"పాప పాక్కుంటూ వెళ్లి తిప్పేస్తే?"

"దానికి పాలసీసా మూత తిప్పడమే రాదు."

"రేపు వచ్చేస్తే?"

ఆయన తలెత్తకుండానే, "ఖాళీ అయిపోతే నీకీ భయం ఉండదుగా," అన్నారు. ఆయన మాటవరసకు అన్నారు. నేను పథకంగా తీసుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే పాపనిచ్చి ఆయన్ని ఎదురింటికి తోలేసి, హీటరు వెలిగించాను. మంట ఉన్న గది మూసి ఉంచకూడదని కిటికీలు తెరిచాను. వడగాలి వచ్చింది. ఏసీ వేశాను.

సరిగ్గా అప్పుడే రెడ్డెమ్మక్క వచ్చింది. రాయచోటి మనిషి, మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో పని. సెలవు దొరికిన శుక్రవారం మా ఇంట్లో పప్పన్నం తినకుండా పోదు.

"ఏంది పాపా, ఇల్లు ఇట్ల కాగతాండాది? చలిజొరమా?"

"కాదక్కా, గ్యాస్ అయిపోగొడుతున్నా."

"ఆ ఏసీ యాల మల్ల?"

"వేడిగా ఉందిగా!"

"కిటికీలు యాల తెరిచినావు?"

"హీటరుంటే గాలి ఆడాలక్కా."

ఆమె హీటరునూ, ఏసీనీ, కిటికీనీ మార్చి మార్చి చూసింది. "మా మామాకు ముగ్గురు కోడండ్లుండారు. వాళ్లు గూడా ఇట్ల కొట్లాడుకోరు," అంది. మామా అంటే ఆమె యజమానురాలు.

గంటన్నర గడిచింది. పలకలు నారింజ రంగుకు దిగి, మినుకుమని ఆరిపోయాయి. "ఖలాస్!" అని అరిచాను. పాపను ఎత్తుకుని ఆయన కూడా వచ్చేశారు. లోకాన్ని కాపాడినంత ఠీవిగా వంటింట్లోకి నడిచి పప్పు పొయ్యి మీద పెట్టాను. రెండు నిమిషాలు మండింది. మంట నీలి పూసలా కుంచించుకుపోయి మాయమైంది.

"ఏవండీ, ఇక్కడా గ్యాస్ అయిపోయింది!"

"ఇంకో సిలిండర్ లేదా?"

"ఎక్కడిది?"

రెడ్డెమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంతసేపూ తగలబెట్టిందేంది పాపా? ఆ గ్యాసు బండా ఈ గ్యాసు బండా ఒకటే గదా. దాన్ని ఊడదీసి ఈడ తగిలిస్తే రెండుమూడు దినాలు వండుకునేదానివి గదా!"

నేను మా ఇంజనీరు వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూశారు. "నువ్వు పాప గురించి అడిగావు. పప్పు గురించి అడగలేదు," అన్నారు.

మధ్యాహ్నం ముగ్గురం చల్లటి నేల మీద కూర్చుని ఖుబూస్ రొట్టె, ఆవకాయ, పెరుగు తిన్నాం. నవ్వి నవ్వి రెడ్డెమ్మక్కకు పొలమారింది. పాప ఖాళీ సిలిండర్ మీద రెండు చేతులా దరువేసింది. నేను వారించలేదు. ఆ పూట కువైట్ మొత్తంలో మా ఇంటి కంటే క్షేమమైన ఇల్లు లేదు. పాలు కాచడానికి కూడా నిప్పు లేదు.

కనుక ఆవకాయ అంటిన కుడిచేతితో ప్రమాణం చేశాను, ఇప్పుడు మీ ముందు మళ్లీ చేస్తున్నాను. ఇంట్లో ఏ వస్తువునైనా మూలన పెట్టాలంటే పుస్తకం చదవను, ఇంజనీరునూ అడగను. రెడ్డెమ్మక్కకు సెలవు దొరికేదాకా ఆగుతాను.